సమాధి చుట్టూ పని: మీ ప్రశ్నలు, మా జవాబులు

పెద్దల అమావాస్య దగ్గరపడింది. సమాధుల మీద, స్మారకాల మీద ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: 1971 యుద్ధంలో మా ఊరి జవాను ఒకాయన అమరుడైనాడు. ఊరి మొదట్లో ఆయన కంచు విగ్రహం పెడుతున్నాం. డిసెంబర్ 16న ఆవిష్కరణ. విగ్రహానికి జాతీయ జెండా కప్పి, వచ్చిన పెద్దమనిషితో తీయిద్దామని మా పిల్లోళ్ల కోరిక. తప్పేమైనా ఉందా? (పత్తికొండ)

ఉంది. విగ్రహానికి గానీ స్మారకానికి గానీ జెండాను ముసుగుగా వాడకూడదని 2002 నాటి జెండా నియమావళిలో స్పష్టంగా ఉంది. తెల్లటి పంచె గుడ్డో, పట్టు గుడ్డో కప్పండి. జెండాను పక్కన విడిగా, అందరికీ కనిపించేటట్టు ఎగరేయండి. జవాన్ల అంత్యక్రియల్లో పెట్టె మీద జెండా పరుస్తారు కదా అని చాలామంది పొరపడతారు. ఆ గౌరవం ప్రభుత్వ, సైనిక లాంఛనాల అంత్యక్రియలకే. అక్కడ కూడా కాషాయం తలవైపు ఉంచుతారు, గుంతలో దించేముందో చితి ముట్టించేముందో జెండాను తీసేస్తారు.

కాగితపు జెండాల తోరణాలు కట్టొద్దు. జెండాను అలంకారానికి వాడకూడదు. ఎగిరే జెండా కొయ్య కొసన పూలు, దండలు పెట్టకూడదు. 2022 జులై నుంచి రాత్రిళ్లు కూడా జెండా ఉంచుకోవచ్చు గానీ, ఎండకు వెలిసి, గాలికి అంచులు చిరిగినదాన్ని అట్లే వదిలేయడం నియమానికి విరుద్ధం. పాతదాన్ని చెత్తలో వేయకండి. నలుగురి కళ్లబడకుండా, మర్యాదగా కాల్చాలి.

విగ్రహం కన్నా ముందు శిలాఫలకం చూసుకోండి. సర్వీసు నంబరు, హోదా, రెజిమెంటు పేరు ఇంట్లోవాళ్ల నోటిమాటగా రాయించొద్దు. కర్నూలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి, కాగితంతో సరిచూసుకోండి. చెక్కేముందు అక్షరాలను అసలు సైజులో కాగితం మీద రాయించి, రాతికి అంటించి, ముగ్గురితో చదివించండి. ల–ళ, శ–ష తేడాలు అక్కడే బయటపడతాయి. రాతి మీద తప్పు పడితే మొత్తం పలక మార్చాల్సిందే.

ఇక కంచు. నలుపు తిరిగిందని చింతపండు, ఇత్తడి తోమే పొడి పట్టించొద్దు. ఆ నలుపే లోపలి లోహాన్ని కాపాడే పొర. ఏడాదికి రెండుసార్లు పలచని సబ్బునీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి కడిగి, బాగా ఆరాక రంగులేని మైనం పాలిష్ పలచగా రుద్దితే చాలు.

ప్రశ్న: మా నాయనను పొలంలోనే పెట్టినాం. నల్లరేగడి. మూడు నెలలకే ఇటుక కట్టి పైన కడప బండ వేయించినాం. ఇప్పుడు ఒకవైపు కుంగి, బండ నడిమికి పగిలింది. సిమెంటు పోస్తే నిలుస్తుందా? (జమ్మలమడుగు)

నిలవదు. ఇక్కడ జరిగినవి రెండు. ఒకటి, తవ్వి పూడ్చిన మట్టి వెంటనే గట్టిపడదు, కనీసం ఒక వానాకాలం గడవాలి. మూడు నెలలకే కట్టిన బరువు ఆ వదులు మట్టితో పాటే దిగింది. రెండు, నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి ముడుచుకుంటుంది. గుంత మీది మట్టి ఒకలాగ, పక్కనున్న తవ్వని నేల ఇంకోలాగ ఆడుతుంటే మధ్యలో బండ పగలక ఏమవుతుంది? మీరు సిమెంటు పోస్తే వచ్చే వేసవికి దాని పక్కనే ఇంకో చీలిక వస్తుంది.

ఇంట్లో పెద్దలను అడిగి, బండ, ఇటుక తీయించండి. గుంత మీద మాత్రం పార పెట్టొద్దు. గుంత అంచులకు ఒక అడుగు ఎడంగా, నాలుగువైపులా అడుగు వెడల్పు, రెండున్నర అడుగుల లోతు కాలువ తీయండి. దాంట్లో గరుసు పోయండి. ఒకేసారి నింపితే పనికిరాదు. ఆరంగుళాలు పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ ఆరంగుళాలు. పైన నాలుగంగుళాలు 1:4:8 (సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు, కంకర ఎనిమిది) కాంక్రీటు, దాని మీద పది ఎంఎం కమ్ములు నాలుగు పెట్టి ఆరంగుళాల కాంక్రీటు బెల్టు. బరువంతా ఈ బెల్టు మీద, అంటే తవ్వని నేల మీద పడాలి. లోపలి భాగం ఎర్రమట్టితో నింపి, పైన పెద్ద బండ వేయకుండా పూలమొక్కలకు వదిలేయడం మేలు. బండే కావాలంటే ఒక్కటి కాకుండా నాలుగు ముక్కలుగా, మధ్యలో కొంచెం సందు ఉంచి వేయించండి.

చుట్టూ రెండడుగుల వెడల్పున బండలు బయటికి వాలుగా పరిస్తే వాననీళ్లు అంచున నిలవవు. నిజానికి సగం చీలికలు ఈ వాలు లేకనే వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. అప్పుడు నేల పూర్తిగా ముడుచుకుని ఉంటుంది, తొలివానకే ఉబ్బి పైకెత్తుతుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య చేయించండి.

ప్రశ్న: సమాధుల చుట్టూ వయ్యారిభామ, తుంగ, కంపచెట్లు. కోసిన పదిరోజులకే మళ్లీ లేస్తున్నాయి. ఉప్పునీళ్లు కొట్టమంటున్నారు, అగ్గి పెట్టమంటున్నారు. ఏది మంచిది? (ఆదోని)

రెండూ వద్దు. లీటరు నీళ్లకు 200 గ్రాముల ఉప్పు కలిపి కొడితే వయ్యారిభామ మాడేమాట నిజమే. కానీ అది బంజరుకు పనికొచ్చే ఉపాయం. సమాధి దగ్గర ఆ ఉప్పు రాతిలోకి ఇంకి, ఆరినప్పుడు లోపలే పలుకులు కట్టి, బండ పైపొరను రేకులు రేకులుగా లేపుతుంది. ఇనుప కంచె ఉంటే అదీ తుప్పు పడుతుంది. అగ్గి పెడితే వేడికి రాయి చిట్లుతుంది.

మూడింటికీ మూడు పద్ధతులు. వయ్యారిభామను వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేరుతో పీకాలి. పూసిందంటే ఒక్క మొక్కే వేలల్లో విత్తనాలు రాలుస్తుంది. చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, దురద, ఉబ్బసం వస్తాయి. తుంగను కొడవలితో కోయడం దండగ. దాని బలమంతా నేలలోని గడ్డల్లో ఉంది. మంచి ఎండల్లో గడ్డపారతో తిరగేసి, గడ్డలు పైకి తేలేటట్టు వదిలితే ఎండి చస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు ముక్కలు చేస్తే ఇంకా ఎక్కువ లేస్తుంది. కంపచెట్టును నేలమట్టానికి నరికితే మొదట్లో నుంచి పది కొమ్మలు వస్తాయి. అడుగు లోతు తవ్వి, వేరు మొదలుతో సహా తీయాలి. సమాధికి మరీ ఆనుకుని ఉంటే మాత్రం తవ్వొద్దు, చిగురు వచ్చినప్పుడల్లా గిల్లేస్తూ పోండి, కొన్నాళ్లకు నీరసించి పోతుంది.

రాతి సందుల్లో రావి, మర్రి మొలకలు కనిపిస్తే ఆరోజే పీకండి. భక్తితో వదిలేస్తే రెండేళ్లలో కట్టడం మీది కాదు, దానిది.

ప్రశ్న: వారానికి ఒకసారే పోగలం. మేకలు తిరుగుతుంటాయి. ఏ మొక్కలు నాటాలి? (కళ్యాణదుర్గం)

బిళ్లగన్నేరు, నందివర్ధనం, కలబంద. ఎర్ర గన్నేరును మేకలు ముట్టవు గానీ ఆకు, కాడ, పువ్వు అన్నీ విషమే. పిల్లలు వచ్చేచోట వద్దు, దాని కొమ్మలు కాల్చొద్దు. మొక్కల మధ్య ఒక మట్టికుండ మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ గోడల గుండా నీళ్లు నెమ్మదిగా ఊరి, నాలుగైదు రోజులు తడి ఉంటుంది.

చెట్టు నాటాలంటే వేపైనా కానుగైనా పదిహేనడుగుల దూరం ఉండాలి. మనసంతా చెట్టు మీదే ఉంటే సమాధిని వదిలి దారిపక్కన నాటండి. 1827లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో పత్తికొండ దగ్గర కలరాతో పోయినప్పుడు అక్కడ ఆయన గుర్తుగా తోపు వేసి, బావి తవ్వించారు.

ప్రశ్న: బండ మీద నూనె మరకలు, పసుపు. యాసిడ్‌తో కడిగితే తెల్లగా పొంగింది, తర్వాత గరుకైంది. పేర్ల రంగు కూడా లేచింది. (ప్రొద్దుటూరు)

పొంగిందంటే రాయి కరిగిందని అర్థం. కడప బండ, బేతంచెర్ల రాయి, పాలరాయి సున్నపు జాతివి. యాసిడ్, నిమ్మకాయ, వెనిగర్ ఏది తగిలినా తినేస్తాయి. పోయిన నునుపు మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప రాదు.

ఇకమీదట ముందు మంచినీళ్లతో బండను బాగా తడపండి, తర్వాత సబ్బునీళ్లు పోసి కొబ్బరిపీచుతో రుద్ది, సబ్బు జిగట పోయేదాకా కడగండి. ఇనుప బ్రష్షు వద్దు. నూనె మరకకు సుద్దపొడి, తినే సోడా నీళ్లతో చిక్కగా కలిపి అరంగుళం మందాన పట్టించి, పాలిథిన్ కప్పి ఒకరోజు ఉంచి, తర్వాత కప్పు తీసి పూర్తిగా ఎండనివ్వండి. ఎండేటప్పుడే నూనెను పైకి లాగుతుంది. పాతమరకకు రెండు మూడుసార్లు వేయాలి. పసుపుతో తంటా లేదు, ఎండకు అదే వెలిసిపోతుంది. దీపానికి, టెంకాయ కొట్టడానికి సమాధి కాళ్లవైపు విడిగా ఒక నల్లరాయి పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

పేర్లకు రంగు వేసేముందు పాత రంగును చెక్కపుల్లతో గీకి, గాళ్లలో తడి లేకుండా రెండు రోజులు ఎండనివ్వండి. తడి మీద వేసిన ఎనామిల్ పొట్టులాగ లేస్తుంది. సన్నటి కుంచెతో గాడిలోపలే నింపి, బయటికి పాకినదాన్ని టర్పెంటైన్ అద్దిన గుడ్డతో అప్పటికప్పుడే తుడవండి. రెండో పూత మరుసటి రోజు.