సబ్‌వూఫర్ పెట్టెకి రెజిన్ పూయించాలా? రూ.4,500 తీసే ముందు

ప్రశ్న: మాది నరసన్నపేట. పైడిభీమవరంలో ఓ ఫార్మా కంపెనీలో పని చేస్తున్నాను. నెలకు రూ.24,000 చేతికొస్తుంది. కారు వాయిదా, ఇంటి ఖర్చులు పోను రూ.3,000 మిగులుతాయి. కారులో పెట్టే 12 అంగుళాల సబ్‌వూఫర్ (బేస్ స్పీకర్) కోసం 18 ఎం.ఎం. ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన పలక)తో నేనే మూసిన పెట్టె చేసుకున్నాను. లోపలంతా రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురు ద్రవం) పూయిస్తే పెట్టె రాయిలా తయారై బేస్ అదిరిపోతుందని స్నేహితులు అంటున్నారు. సరుకు, కూలి కలిపి రూ.4,500 అడిగారు. స్పీకర్‌కి శక్తినిచ్చే యాంప్లిఫయర్ రూ.14,000, క్రెడిట్ కార్డు మీద తీసుకుందామనుకుంటున్నాను. ఈ ఖర్చు పెట్టొచ్చా?

జవాబు: పలకలు కోసి, పెట్టె బిగించేదాకా వచ్చారు. ఇక్కడ మానేయమని నేను చెప్పను. కానీ రెజిన్‌కి ఆ రూ.4,500 పెట్టకండి. అది మీ నెలన్నర మిగులు.

భావనపాడు, కళింగపట్నం వైపు ఫైబర్ బోట్లు చూసే ఉంటారు. బోటుకి చిల్లు పడితే ఉత్త రెజిన్ పూసి వదిలేయరు. ఫైబర్ మ్యాట్ (గాజు పీచు చాప) పరిచి, దాన్ని రెజిన్‌తో తడిపి, పొర మీద పొర వేస్తారు. బలమంతా ఆ మ్యాట్‌ది. మ్యాట్ లేని రెజిన్ ఆరాక పెళుసుగా ఉంటుంది. మీ పెట్టె లోపల పలుచగా ఒక పూత వేస్తే 18 ఎం.ఎం. పలక వణుకు పెద్దగా తగ్గదు.

వణుకు తగ్గాలంటే మందం కావాలి. పలక మందం రెట్టింపైతే దాని గట్టితనం ఎనిమిది రెట్లవుతుంది. పెట్టె చేయగా మిగిలిన ఎండీఎఫ్ ముక్కలు మీ ఇంట్లోనే ఉండాలి. స్పీకర్ బిగించే ఎదుటి పలకకి వెనక ఇంకో పలక ఫెవికాల్, స్క్రూలతో అతికించండి. ఎదురెదురు పలకల్ని కలుపుతూ మధ్యలో ఒక అడ్డకర్ర వేయండి. ఇవి లోపల తినేసే జాగాని మాత్రం పెట్టె కొలతలోంచి తీసి లెక్క చూసుకోండి.

రెజిన్ వల్ల నిజంగా ఒరిగేది అతుకుల్లోంచి గాలి పోకుండా ఆగడం. ఆ పని ఫెవికాల్ చేస్తుంది. మీ అతుకులు ఎలా ఉన్నాయో ఒక అగరుబత్తితో తేలిపోతుంది. ఫ్యాన్ ఆపి, స్పీకర్ బిగించి, బేస్ ఉన్న పాట పెట్టి, అగరుబత్తిని అతుకుల వెంట నెమ్మదిగా జరపండి. పొగ నిటారుగా లేచినంతసేపు ఫరవాలేదు. ఒకచోట ఉలిక్కిపడ్డట్టు పక్కకి కొట్టుకుంటే గాలి అక్కడే కారుతోంది. స్పీకర్ తీసి, లోపలినుంచి ఆ గీత వెంట ఫెవికాల్ పట్టించండి. సిలికాన్ వాడితే స్పీకర్ మళ్లీ బిగించేముందు కనీసం ఒక రోజు ఆరనివ్వండి, ఆ ఆవిరి స్పీకర్ అంచుకి మంచిది కాదు.

మన జిల్లాలో చెమ్మ ఎక్కువ. ఎండీఎఫ్ కోసిన అంచులు నీటిని పీల్చి ఉబ్బుతాయి. కానీ చెమ్మ బయటినుంచి కూడా వస్తుంది కదా, లోపల మాత్రమే పూస్తే ఏం లాభం? అంచులకి నీళ్లు కలిపిన ఫెవికాల్ పట్టించి, ఆరాక ప్రైమర్, ఆపైన రెండు కోట్లు ఆయిల్ పెయింట్ వేయండి.

డిక్కీ వంపుకి అతికినట్టు ఫైబర్ పెట్టె చేయించుకునేవాళ్లకి రెజిన్ తప్పదు. వాళ్లకి అది పూత కాదు, పెట్టే అది. అది కూడా గాలి బాగా ఆడే చోట చేయాల్సిన పని. రెజిన్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్ ఎక్కువైతే డబ్బా చేతిలోనే కాలిపోయేంత వేడెక్కుతుంది.

నాకు అసలు భయం యాంప్లిఫయర్‌తో. కార్డు మీద తీసుకుని బిల్లు పూర్తిగా కట్టకపోతే, నెలకు 3.5% చొప్పున మొదటి నెలలోనే రూ.490 వడ్డీ, దాని మీద 18% జీఎస్టీ రూ.88. మీకు మిగిలే మూడు వేలలో దాదాపు ఐదో వంతు అక్కడే పోతుంది. పైగా మీ ఉత్తరంలో దాచిన డబ్బు మాటే లేదు. కారు వాయిదా ఉన్న మనిషికి జీతం ఒక్క నెల ఆగినా ఎంత కష్టమో మీకు తెలియంది కాదు. నెలకు రూ.1,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, రూ.2,000 యాంప్లిఫయర్‌కి పక్కన పెట్టండి. ఏడు నెలల్లో నగదు పెట్టి కొనుక్కోవచ్చు. సంక్రాంతి బోనస్ వస్తే ఇంకా ముందే.

ఒక్క ఖర్చు దగ్గర మాత్రం పొదుపు చూసుకోవద్దు. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి అడుగున్నర లోపే ఫ్యూజ్ వేయించండి. అది లేక వైరు కాలితే కారే పోతుంది. యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ బిగించాక బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. కారుతో రాని ఎలక్ట్రికల్ సామాను పాలసీలో విడిగా చేర్పించకపోతే, పోయినప్పుడు దాని విలువ ఇవ్వరు. చేర్పించడానికి అదనపు ప్రీమియం మామూలుగా ఆ సామాను విలువలో 4% దాకా ఉంటుంది. మీ యాంప్లిఫయర్‌కి ఏడాదికి సుమారు రూ.560. బిల్లులు జాగ్రత్తగా దాచుకోండి.