జేమ్స్ బాండ్‌గా ఎవరు బెస్ట్? కొత్తవాళ్లు ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

ఆరుగురు నటుల్లో అసలైన బాండ్ ఎవరు, ఇప్పుడు కొత్తగా చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను ఈ సినిమాలను విడుదలైన వరుసలో చూడలేదు. నా చిన్నప్పుడు బాండ్ అంటే పియర్స్ బ్రాస్నన్. ఆయన నుంచి వెనక్కి వెళ్లి రోజర్ మూర్‌ని, షాన్ కానరీని చూశాను. డేనియల్ క్రెయిగ్ సినిమాలు మాత్రం వచ్చినప్పుడల్లా చూస్తూ వచ్చాను. అలా ముందువెనకలుగా చూడటంతో నాకొక కొలత దొరికింది: ఒకణ్ని చంపేటప్పుడు, చంపిన వెంటనే ఆ నటుడు ఏం చేస్తున్నాడో గమనించండి. పెద్ద పెద్ద స్టంట్లకు డూప్‌లు ఉంటారు. ఆ కొద్ది క్షణాలు మాత్రం నటుడే మోయాలి.

కానరీది తీసుకోండి. 'డాక్టర్ నో' (1962)లో విలన్ మనిషి ప్రొఫెసర్ డెంట్ చీకట్లో గదిలోకి వచ్చి, బాండ్ మంచం మీద ఉన్నాడనుకుని తుపాకీ ఖాళీ చేస్తాడు. బాండ్ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంటాడు. డెంట్ మాటల్లో పెట్టి, కిందపడిన తుపాకీని మెల్లగా అందుకుని ట్రిగ్గర్ నొక్కుతాడు. అందులో తూటా లేదు. ఆరు తూటాలూ అయిపోయిన సంగతి బాండ్‌కు ముందే తెలుసు. తాపీగా కాలుస్తాడు, పడ్డాక ఇంకోసారి కాలుస్తాడు. కోపం లేదు, జాలి లేదు, ఆఫీసులో ఒక ఫైలు మూసేసినట్టు ఉంటుంది. ఆ చల్లదనం మళ్లీ ఎవరికీ రాలేదు. కానరీ సినిమాల్లో నాకు బాగా ఇష్టమైనది మాత్రం 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' (1963). రైలు పెట్టెలో, హంతకుడి వేషం వేసిన రాబర్ట్ షాతో ఫైట్ ఉంటుంది. ఇరుకు చోటు, వెనక మ్యూజిక్ లేదు, ఇద్దరి ఊపిరీ వినిపిస్తుంది. ఇప్పుడు చూసినా టెన్షన్ తగ్గదు.

జార్జ్ లాజెన్‌బీ చేసింది ఒకే ఒక్క సినిమా, 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' (1969). ఆయన మోడల్, నటనలో అనుభవం లేదు, కొన్ని చోట్ల అది తెలిసిపోతుంది. అయినా సినిమా గొప్పది. అంతకుముందు బాండ్ సినిమాలకు ఎడిటింగ్ చేసిన పీటర్ హంట్ దీన్ని డైరెక్ట్ చేశాడు, హీరోయిన్ డయానా రిగ్ పక్కన నిలబడి కథను మోసింది. చివరి సీను గురించి ఒక్క ముక్క కూడా చెప్పను. దాని గురించి ఎక్కడా చదవకుండా చూడండి.

మూర్ ఏడు సినిమాలు చేశాడు. జోకుల బాండ్ అని చాలామంది తీసిపారేస్తారు, నేను ఒప్పుకోను. 'ది స్పై హూ లవ్డ్ మి' (1977)లో స్కీయింగ్ చేస్తూ కొండ అంచు నుంచి దూకి, బ్రిటిష్ జెండా రంగుల పారాచూట్ విప్పే సీను ఆ నవ్వు మొహానికే సరిపోతుంది. అదే మనిషి 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' (1981)లో, కొండ అంచున వేలాడుతున్న కారును లోపల హంతకుడు ఉండగానే కాలితో తన్ని తోసేస్తాడు. ఆ ఒక్క తన్నుతో ఆయన బాండ్ పూర్తిగా వేరే మనిషైపోతాడు. 'ఎ వ్యూ టు ఎ కిల్' (1985) నాటికి మాత్రం వయసు మీదపడింది, దాన్ని వదిలేసినా నష్టం లేదు.

నా ఓటు తిమోతీ డాల్టన్‌కి. బాండ్‌ను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ నవలలు చదువుకుని, అందులోని అలసిపోయిన మనిషిని తెర మీదకు తెచ్చాడు. 'లైసెన్స్ టు కిల్' (1989)లో స్నేహితుడు ఫెలిక్స్ లైటర్‌ని విలన్ షార్కుకు వదిలేస్తాడు, ఆయన భార్యను పెళ్లిరోజే చంపిస్తాడు. బాండ్ ఉద్యోగం కాదని పగ తీర్చుకోవడానికి వెళ్తాడు. పెళ్లిలో ఆ జంట బహుమతిగా ఇచ్చిన సిగరెట్ లైటర్‌తోనే, పెట్రోల్‌లో తడిసిన విలన్‌కు నిప్పంటిస్తాడు. ఆ తర్వాత డాల్టన్ మొహంలో గెలుపు కనపడదు, ఒళ్లంతా దెబ్బలతో కూలబడతాడు. క్రెయిగ్‌ని మెచ్చుకునేవాళ్లు ఏ గుణాలు చెబుతారో అవన్నీ ఇక్కడ ముందే ఉన్నాయి. తర్వాత కోర్టు తగాదాలతో సిరీస్ ఆరేళ్లు ఆగిపోయింది, డాల్టన్ రెండు సినిమాలతోనే వెళ్లిపోయాడు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బ్రాస్నన్‌కు అన్నీ ఉన్నాయి, మంచి కథలే తక్కువయ్యాయి. 'గోల్డెన్ ఐ' (1995) బాగుంటుంది. 'ది వరల్డ్ ఈజ్ నాట్ ఎనఫ్' (1999)లో తను దగ్గరైన మనిషినే కాల్చి, వెంటనే ఆ శవం మీదికి వంగుతాడు. ఆయన ఎంత చేయగలడో అక్కడ కనిపిస్తుంది. 'డై అనదర్ డే' (2002)లో ఆయనకు మిగిలింది గ్రాఫిక్స్ అలల మీద సర్ఫింగ్.

ఇక క్రెయిగ్. సినిమాగా చూస్తే మొత్తం సిరీస్‌లో నా మొదటి స్థానం 'కేసినో రాయల్' (2006)దే. మెట్ల మీద ఇద్దర్ని చంపాక బాండ్ అద్దం ముందు నిలబడి రక్తం కడుక్కుంటాడు, ఒక గ్లాసు విస్కీ గొంతులో పోసుకుంటాడు. తర్వాత హీరోయిన్ వెస్పర్ బట్టలతోనే షవర్ కింద కూర్చుని వణుకుతుంటే, తనూ చొక్కాతోనే వెళ్లి పక్కన కూర్చుంటాడు. చలేస్తోందా అని అడిగి, కుళాయి తిప్పి నీళ్లు వేడి చేస్తాడు. ఒక చావును చూసినవాళ్లకు ఏమవుతుందో ఈ సిరీస్ అంత దగ్గరగా చూపించడం అరుదు. 'గోల్డెన్ ఐ' తీసిన మార్టిన్ క్యాంప్‌బెల్లే దీన్నీ తీశాడు.

అందుకని మీరు 'కేసినో రాయల్'తో మొదలుపెట్టండి. తర్వాత 'ఫ్రమ్ రష్యా విత్ లవ్', 'లైసెన్స్ టు కిల్' చూడండి. పాత సినిమాల నడక అలవాటయ్యాక లాజెన్‌బీది. క్రెయిగ్‌వి మాత్రం కథ ఒకదాన్నుంచి ఇంకోదానికి సాగుతుంది కాబట్టి వరుసలోనే చూడాలి. 'స్పెక్టర్' (2015) నాకు నచ్చలేదు, కానీ అది చూడకపోతే 'నో టైమ్ టు డై' (2021)లో ఎవరు ఎవరో సరిగా అర్థం కాదు.