ఖరీదైన నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్ కొంటే పాట ఇంకా బాగా వినిపిస్తుందా?

డిజిటల్ అవుట్‌పుట్ ద్వారా ఒకే డీఏసీకి (అంకెల రూపంలోని పాటను ఆంప్లిఫయర్‌కు పంపే విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) కలిపి వింటే, చవక ప్లేయర్‌కీ ఖరీదైనదానికీ చెవికి తెలిసేంత తేడా సాధారణంగా ఉండదు. పాట వైఫైలో అంకెలుగా వస్తుంది, దారిలో ఏ ముక్క పోయినా ప్లేయర్ మళ్లీ తెప్పించుకుంటుంది. నెట్ మరీ నెమ్మదిస్తే సాధారణంగా పాట ఆగుతుంది తప్ప మసకబారదు. పాట ఎలా వినిపిస్తుందో తేల్చేవి డీఏసీ, ఆ తర్వాత ఆంప్లిఫయర్, స్పీకర్లు, అన్నిటికీ మించి గది. ప్లేయర్‌లోని అనలాగ్ అవుట్‌పుట్ వాడితే మాత్రం దాని లోపలి డీఏసీనీ లెక్కలోకి తీసుకోవాలి.

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక హాలు అనుకోండి: నున్నటి టైల్స్, కర్టెన్ లేని కిటికీ, గోడకు ఆనించిన స్పీకర్లు. అన్నమయ్య కీర్తన పెడితే మృదంగం ఎడమవైపు నాదం బూమ్‌మంటుంది, తాళాల శబ్దం గోడలకు కొట్టుకుని చెవిలో గుచ్చుకుంటుంది. ఎంత డబ్బు పోసి ప్లేయర్ మార్చినా అది పోదు. స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరపండి, మందపాటి జంపఖానా పరవండి, తేడా వెంటనే తెలుస్తుంది.

"రెండూ మార్చి విన్నాం, కొత్తదే బాగుంది" అంటారు చాలామంది. చాలాసార్లు అది వాల్యూమ్ తేడాయే. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా మనకు మరింత స్పష్టంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే రెండిటి వాల్యూమూ సమానం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా విని పోల్చాలి.