ఓడినా సీటు ఇచ్చే మారిషస్

ప్రశ్న: మారిషస్ పార్లమెంటులో ఓడిపోయినవాళ్లకూ సీటిస్తారట, నిజమేనా? తెలుగువాళ్లు అక్కడికెలా చేరారు?

జవాబు: నిజమే. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కో దాని నుంచి ముగ్గురు. రోడ్రిగ్స్ దీవికి ఇద్దరు. వెరసి 62. ఇందులో ఏ మత, జాతి వర్గానికి ప్రాతినిధ్యం తగ్గిందో చూసి, ఆ వర్గంలో ఎక్కువ ఓట్లొచ్చి ఓడినవాళ్లకు 8 వరకు అదనపు సీట్లిస్తారు. పేరు ‘బెస్ట్ లూజర్’. చిక్కేమిటంటే, వర్గాల లెక్కకు ఇప్పటికీ 1972 జనగణనే ఆధారం! తెలుగువాళ్లను విడిగా చూడరు, హిందువుల్లోనే కలిపేస్తారు.

1835లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. మనవాళ్లు కొందరు కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కారు. అందుకే అక్కడ వాళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరు. ఉగాది నేటికీ జాతీయ సెలవు. ఇంట్లో, వీధిలో మాత్రం దాదాపు అందరిదీ ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాషే.

వెళ్లదలిస్తే మే–నవంబరు మేలు. జనవరి–మార్చిలో తుపాన్ల బెడద ఎక్కువ. మనకు వేసవి మొదలయ్యేసరికి వాళ్లకు చలికాలం దగ్గరపడుతుంది. క్యూర్‌పిప్ పీఠభూమి మీద వానా, చలీ రెండూ ఉంటాయి, స్వెట్టర్ మరవద్దు.