మంచం పక్కన డబ్బా పీకేస్తే ఏమవుతుంది?

ప్రశ్న: డాక్టర్‌గారూ, మా నాన్నగారికి 71 ఏళ్ళు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని ఆర్నెల్ల కింద రెండు వైర్ల పేస్‌మేకర్ వేశారు. మంచం పక్కన పెట్టుకోమని ఒక చిన్న డబ్బా కూడా ఇచ్చారు, దాన్నుంచి హాస్పిటల్‌కి రిపోర్ట్ పోతుందట. నాన్నేమో దాని ప్లగ్గు పీకేసి ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటున్నారు, అడిగితే "నా గుండె సంగతి నాకు తెలీదా" అంటారు. డబ్బా తీసేస్తే పేస్‌మేకర్ ఆగిపోతుందేమోనని అమ్మకి భయం. ఎవరు రైటు? డబ్బా ఉంది కదా అని చెకప్‌లు మానేయొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇద్దరూ రైటు కాదండీ. ముందు అమ్మగారికి చెప్పండి, పేస్‌మేకర్‌కి బ్యాటరీ దాని లోపలే ఉంటుంది, ఇంట్లో కరెంటు పోయినా డబ్బా పాడైనా దాని పని అది చేసుకుపోతుంది. డబ్బా ఒట్టి పోస్ట్‌మ్యాన్, అంతే. రాత్రి నాన్నగారు పడుకున్నాక లోపలి మెషిన్ రాసిపెట్టుకున్నదంతా వైర్‌లెస్‌గా తీసుకుని మొబైల్ నెట్‌వర్క్ మీద పంపిస్తుంది, అందుకే మంచానికి దగ్గర్లో ఉంచమనేది. అలాగని అవతల ఎవరో రాత్రంతా స్క్రీన్ ముందు కూర్చుని లైవ్‌లో చూస్తుంటారని మాత్రం అనుకోకండి. ఛాతీలో నొప్పొచ్చినా కళ్ళు తిరిగి పడిపోయినా డబ్బాని నమ్ముకుని కూర్చోకుండా 108కి కొట్టాల్సిందే.

ఇక నాన్నగారి మాట. గుండె సంగతి చాలాసార్లు మనకి తెలీదండీ, అసలు చిక్కంతా అక్కడే ఉంది. గుండె పైగదులు లయ తప్పి అదేపనిగా వణికే జబ్బొకటుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాం. కొందరికి దడ కూడా తెలీదు, హాయిగా టీవీ చూస్తూనే ఉంటారు, లోపల మాత్రం రక్తం గడ్డకట్టే ప్రమాదం, ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. పైగదిలో ఉన్న వైరు దీన్ని పట్టేసి ఏ రోజు, ఎన్నింటికి, ఎంతసేపు అని లెక్క రాసిపెడుతుంది, అది చూసి రక్తం పలచనయ్యే మందు అవసరమో కాదో డాక్టర్ తేల్చుకుంటారు. వైరు ఎక్కడైనా దెబ్బతిన్నా, బ్యాటరీ దగ్గర పడుతున్నా కూడా ముందే తెలుస్తుంది. అందుకని ఆ ప్లగ్గు మళ్ళీ పెట్టించండి, ఫోన్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొంటే సరిపోదా!

ఫోనంటే గుర్తొచ్చింది, చొక్కా జేబులో పెట్టుకునే అలవాటుంటే మాన్పించండి. పేస్‌మేకర్ మామూలుగా ఎడమ కాలర్ బోన్ (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక) కింద ఉంటుంది, జేబూ అటే. కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి.

చెకప్‌లు మాత్రం మానొద్దు. డబ్బా కబురు మోస్తుంది, సెట్టింగ్ మార్చాలంటే సాధారణంగా ఓపీకే రావాలి, అక్కడ ఛాతీ మీద చిన్న పరికరం ఆనించి కంప్యూటర్‌లో మారుస్తారు. పైగా గుండె పంపింగ్ ఎంతుందో పేస్‌మేకర్ చెప్పలేదు, దానికి ఎకో (గుండె స్కానింగ్) తీయాల్సిందే. ఎన్నాళ్ళకోసారి రావాలో మీ డాక్టర్‌నే అడగండి.

ప్రశ్న: అడగడానికి ఇబ్బందిగానే ఉంది. పేస్‌మేకర్ ఉన్న మనిషి పోతే దహనానికి ముందు దాన్ని తీసేయాలంటారు, నిజమేనా?
- పేరు వద్దన్నారు

జవాబు: నిజమేనండీ, ఇందులో ఇబ్బంది పడాల్సిందేం లేదు. లోపలున్నది లిథియం బ్యాటరీ, మంటల వేడికి పేలుతుంది, దగ్గరున్నవాళ్ళకి దెబ్బలు తగలొచ్చు. హాస్పిటల్‌లో పోతే అక్కడే చెప్పి తీయించండి, ఇంట్లో పోతే డాక్టర్‌ని పిలిపించాలి, చర్మం కిందే ఉంటుంది కాబట్టి పెద్ద పనేం కాదు. ఖననమైతే తీయకపోయినా ఫర్వాలేదు. పేస్‌మేకర్ కార్డు ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇద్దరికైనా తెలిసుండాలి, హడావిడిలో ఎవరికీ గుర్తురాదు.