అంబులెన్స్‌లోనే మందు పెట్టేశారు, పరవాలేదా డాక్టర్ గారూ?

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. చలికాలం వచ్చిందంటే చాలు పిల్లికూతలు, ఆయాసం. పోయిన వారం రాత్రి రెండింటికి లేచి కూర్చుని డొక్కలెగరేస్తున్నాడు, నీళ్లు కావాలా నాన్నా అంటే మాట రాక తల ఊపుతున్నాడంతే. 108కి ఫోన్ చేశాం. ఆస్పత్రి మాకు నలభై నిమిషాల దూరం. బండెక్కగానే అందులో ఉన్నబ్బాయి వేలికి క్లిప్ పెట్టి చూసి, ఫోన్లో ఎవరో డాక్టర్‌తో మాట్లాడి, మాస్క్ పెట్టి మందు పొగ పట్టేశాడు. దిగేసరికి బాబు తేరుకున్నాడు గానీ గుండె దడదడ, చేతులు వణుకు. డాక్టర్ చూడకుండా మందెలా ఇస్తారని మా అత్తయ్యగారు ఇంకా అంటూనే ఉన్నారు. మళ్లీ వస్తే ఏం చెయ్యాలి?
- ఒక తల్లి, అనకాపల్లి జిల్లా

జవాబు: ఆ అబ్బాయి చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్ అమ్మా. ఆస్పత్రిలో మేం మొదట చేసేది కూడా అదే, మరి ఆ నలభై నిమిషాలు ఊరికే ఎందుకు పోగొట్టుకోవాలి? ఆస్తమా ఎటాక్‌లో ఊపిరిగొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుపోతుంది, లోపల వాపు, కళ్లె. ఇలాంటప్పుడు పట్టే సాల్‌బ్యుటమాల్ అనే మందు ఆ బిగుసుకున్న కండరాన్ని కొన్ని నిమిషాల్లోనే వదులు చేస్తుంది. బాబు వయసూ బరువూ చూసి 2.5 లేదా 5 మిల్లీగ్రాములు నెబ్యులైజర్‌లో, అంటే మందుని పొగలా మార్చే మిషన్‌లో వేస్తారు. ఎటాక్ గట్టిగా ఉంటే ఇప్రాట్రోపియం అనే ఇంకో గొట్టాలు తెరిచే మందు కూడా కలుపుతారు. లోపలి వాపు తగ్గించే స్టెరాయిడ్ పని చూపించడానికి గంటలు పడుతుంది, అందుకే దాన్ని ఎంత ముందు ఇస్తే అంత మంచిది.

ఇంకోటి, ఇంట్లో నెబ్యులైజర్ మిషన్ గాలితో నడుస్తుంది, అంబులెన్స్‌లో నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల ఆక్సిజన్ మీద నడిపిస్తారు. ఇది చిన్న తేడా కాదు, ఎందుకంటే ఈ మందు పడ్డాక కాసేపు రక్తంలో ఆక్సిజన్ ఇంకాస్త తగ్గే అవకాశం ఉంది, వేలి క్లిప్‌లో ఆక్సిజన్ 92 శాతం కంటే కింద చూపిస్తున్న పిల్లాడికి అది చాలా ప్రమాదం. అందుకే బాబుని బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పరిగెత్తకుండా 108 పిలిచి మీరు మంచి పని చేశారు.

దడా, వణుకూ ఆ మందు వల్లే, కొన్ని గంటల్లో పోతాయి. అత్తయ్యగారికి చెప్పండి, డాక్టర్ చూడలేదు నిజమే గానీ ఫోన్లో డాక్టర్ చెప్పాకే ఇచ్చారు, పద్ధతి అదే.

మళ్లీ వస్తే 108కి ఒకరు ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్ మొదలుపెట్టేయాలి. బాగా కుదిపి, స్పేసర్‌లోకి (ఇన్‌హేలర్‌కి తగిలించే ఖాళీ గొట్టం) ఒక్క పఫ్ కొట్టి, బాబుని నాలుగైదు సార్లు ఊపిరి పీల్చనిచ్చి, అప్పుడు రెండోది, ఇలా నాలుగు నుంచి పది దాకా మీ డాక్టర్ రాసిచ్చిన లెక్క ప్రకారం. అన్నీ ఒకేసారి కొట్టేస్తే మందు స్పేసర్ గోడలకే అంటుకుపోతుంది. స్పేసర్ లేకపోతే అరలీటర్ ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి గట్టిగా పట్టేలా కన్నం చేసి వాడుకున్నా పనిచేస్తుంది, చూసిన పరిశోధనలున్నాయి. పడుకోబెట్టొద్దు, ఆయాసం ఎక్కువవుతుంది. ఆవిరి, దగ్గు సిరప్, నిద్రమందు అస్సలు వద్దు. బండిలో కూడా స్ట్రెచర్ తల వైపు ఎత్తించి, బెల్ట్ పెట్టించి, పక్కనే మీరు కూర్చుని చెయ్యి పట్టుకోండి, ఏడిస్తే ఊపిరి ఇంకా అందదు.

ఇది మాత్రం ఎంతమందికి చెప్పినా నాకు తనివి తీరదు. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి, పిల్లాడు మత్తుగా సోలిపోతుంటే తగ్గిందనుకుని ఊపిరి పీల్చుకోకండమ్మా. లోపలికి గాలే వెళ్లట్లేదు కాబట్టి కూత రావట్లేదు. పెదాలు నీలంగా మారినా అంతే. వెంటనే బండిలో ఉన్నవాళ్లకి చెప్పండి. ఎప్పుడు మొదలైంది, ఎన్ని పఫ్‌లు కొట్టారు, ఇంతకుముందు ఐసీయూలో పెట్టారా, ఏ మందైనా పడదా, ఇవన్నీ కాగితం మీద రాసి ఇన్‌హేలర్ డబ్బాలోనే పెట్టుకోండి, ఆ కంగారులో ఏ తల్లికీ గుర్తుండవు.

ఆస్పత్రి నుంచి వచ్చాక పిల్లల డాక్టర్‌కి మళ్లీ చూపించారా? మీ ఉత్తరంలో రాయలేదు. ఇంత గట్టి ఎటాక్ వచ్చిందంటే రోజూ వాడే వాపు తగ్గించే ఇన్‌హేలర్ బాబుకి అవసరమేమో చూడాలి. అలవాటైపోతుందని భయపడి దాన్ని ఆపేసేవాళ్లు చాలామంది, కానీ అది అలవాటయ్యే మందు కాదు. ఈ వారమే తీసుకెళ్లండి, స్పేసర్ కూడా పట్టుకెళ్లి మీరు ఎలా కొడుతున్నారో అక్కడ ఒకసారి చేసి చూపించండి.