నవల రాసే అమ్మాయికి ఎంసీఏనా, ఎంఏ తెలుగా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లెటూరు. పొగాకు సాగు, ఆకు కాల్చే సొంత బ్యారన్ ఉంది. మా అమ్మాయికి ఇరవై ఏళ్లు. ఒంగోలులో బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం, రోజూ బస్సులో వెళ్లొస్తుంది. మార్కులు బాగానే వస్తాయి. కోడింగ్ అంటే విసుగేమీ లేదంటుంది. కానీ రెండేళ్లుగా నవల రాస్తోంది. బస్సులో ఫోన్లో, రాత్రిళ్లు నోటుపుస్తకంలో. పదకొండో అధ్యాయం దగ్గర ఆగిపోయి నాలుగు నెలలైంది, ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. ఒక వారపత్రికకు కథ పంపితే జవాబే రాలేదు. ఏదో యాప్‌లో కొన్ని అధ్యాయాలు పెట్టింది. మొదట్లో చాలామంది చదివారట, తర్వాత తగ్గిపోయారని ఏడ్చింది. సెమిస్టర్ పరీక్షలు వస్తున్నాయని నోటుపుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు ఎంసీఏ వద్దు, ఎంఏ తెలుగు చేస్తానంటోంది. మా మరిది కొడుకేమో ఏ చదువూ అక్కర్లేదు, యాప్‌లో రోజూ రాస్తే నెలకు లక్షలొస్తాయి అంటున్నాడు. సంబంధాలు కూడా వస్తున్నాయి. ఈ నవల సంగతి వాళ్లకు చెప్పాలా వద్దా తెలియడం లేదు. ఏది మంచిదో పోల్చి చెప్పండి. తను రాసిన నాలుగు పేజీలు ఫొటో తీసి పంపుతున్నాను. పదో తరగతితో ఆపేసినదాన్ని, నాకు ఇవి అర్థం కావు.
ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ తాళం తీసి నోటుపుస్తకాలు ఆమె చేతికివ్వండి. పోలిక తర్వాత చూద్దాం.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కొన్ని ఇళ్లలో నవల బదులు క్రికెట్ ఉంటుంది, కొన్ని ఇళ్లలో షార్ట్ ఫిల్ములు. అందరూ కోర్సు గురించే అడుగుతారు. మీరూ అదే అడిగారు, కానీ ఇంత ఉత్తరంలో ఫీజు మాట ఒక్కసారి కూడా రాలేదు. పిల్ల మాట్లాడటం లేదు, పిల్ల ఏడ్చింది అన్నవే ఉన్నాయి. ఇంత ప్రాణం పెట్టిన పని చేతికి రాకపోతే బిడ్డ ఏమైపోతుందోనన్నది మీ అసలు భయం. దానికి జవాబు దొరికితే కోర్సు సంగతి సగం తేలిపోతుంది.

నవల రాసేవాళ్లలో చాలామంది ఆగేది ఇలా నడిమధ్యనే. మొదటి అధ్యాయాలు ఉత్సాహం మీద నడిచిపోతాయి. సగానికొచ్చేసరికి, మొదట్లో వేసిన ముళ్లన్నీ విప్పాలి. ఈ మనిషికి ఏం కావాలి, దానికి అడ్డం ఎవరు, అది తేలకపోతే చెయ్యి కదలదు. అప్పుడు రాసేవాళ్లు ముభావంగా ఉంటారు, చిరాకు పడతారు. దాన్ని చూసి మీరు హడలిపోనక్కర్లేదు. అన్నం తింటోందా, నిద్రపోతోందా, కాలేజీకి వెళ్తోందా, అవి చూసుకోండి. అవి కూడా దెబ్బతింటే అప్పుడు డాక్టరుకు చూపించాల్సిన మాట, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మీరు రాసినదాన్నిబట్టి అంతదూరం రాలేదు.

ఈ మాట ఆమెకు చూపించండి: పదకొండో అధ్యాయం కదలకపోతే దాన్ని వదిలేసి, కథలో తర్వాతెప్పుడో వచ్చే ఘట్టం ఏది కళ్లముందు స్పష్టంగా కనిపిస్తోందో అది ముందు రాయమ్మా. వరసలోనే రాయాలన్న నియమం లేదు. రోజుకు ఒక్క పేజీ చాలు. పరీక్షల నెలలో అరపేజీ అయినా చాలు. ఫోన్లో రాసినదాన్ని ప్రతివారం ఒక కాపీ మెయిల్‌కు పంపుకో, ఫోను పోతే రెండేళ్ల శ్రమ పోతుంది. ఒంగోలులో జిల్లా గ్రంథాలయం ఉంది కదా, కాలేజీ అయ్యాక బస్సు టైము దాకా అక్కడ కూర్చుని చదువు. చదవకుండా నవల రాదు.

పత్రిక నుంచి జవాబు రాలేదన్నది అవమానం కింద లెక్కపెట్టొద్దని చెప్పండి. తీసుకోని కథలకు ఉత్తరం రాసే ఆనవాయితీ మన పత్రికల్లో ఇప్పుడు చాలా తక్కువ. మౌనంగా ఉండిపోతారు, అంతే. కథతోపాటు అది సొంతమేనని, ఎక్కడా అచ్చు కాలేదని, వేరేచోట పరిశీలనలో లేదని హామీపత్రం పెట్టిందో లేదో చూడమనండి. అది లేకపోతే కథను పక్కన పెట్టేసే పత్రికలున్నాయి. అన్నీ సరిగా పంపి కొన్ని నెలలు గడిచినా కబురు లేకపోతే, ఫలానా కథను వెనక్కు తీసుకుంటున్నానని ఒక మెయిల్ పెట్టి మరో పత్రికకు పంపొచ్చు.

ఇక మీరు పంపిన పేజీల సంగతి. ముందు ఒక మాట అనక తప్పదు. ఆమెకు చెప్పి పంపారా? చెప్పలేదనే అనుకుంటున్నాను. ఇవాళే చెప్పండి, కోప్పడితే పడనివ్వండి. తాళం వేసిన పుస్తకంలోంచి పేజీలు తీసి కొత్తవాళ్లకు చూపించడం తప్పు, తల్లయినా తప్పే.

నాలుగింటిలో రెండు పేజీలు హైదరాబాద్‌లో అద్దాల ఆఫీసు, కాఫీ మెషీను, విదేశాల నుంచి వచ్చిన మేనేజరు. అవి ఎవరైనా రాయగలిగినవే. మిగతా రెండూ బ్యారన్ దగ్గర రాత్రి. తండ్రి టార్చి వేసి అద్దంలోంచి థర్మామీటరు చూస్తుంటాడు. పొయ్యిలో కట్టెలు ఎగదోసే పెద్దాయన, 'తలుపు తెరవబాకయ్యా, ఆకు ఇంకా పండలా' అంటాడు. ఆ వాక్యం మీద మీ అమ్మాయి గీత కొట్టేసి, కింద 'తలుపు తెరవకండి, ఆకు ఇంకా పండలేదు' అని దిద్దింది. యాప్‌లో ఎవరో యాస అర్థం కాలేదని రాసి ఉంటారు, అందుకే దిద్దిందని నా అనుమానం. కొట్టేసిన వాక్యమే ఉంచమని నా మాటగా చెప్పండి. ఆ పెద్దాయన అలాగే మాట్లాడతాడు, మన ఊళ్లలో అందరం అలాగే మాట్లాడతాం.

అదే పేజీ చివర, పొగాకు చెక్కులు (బేళ్లు) నోబిడ్ అయ్యి, అంటే వేలంలో ఎవరూ పాడక, వేలం కేంద్రం నుంచి తిరిగొచ్చిన రోజు ఇంట్లో ఎవరూ అన్నం సంగతి ఎత్తరని ఒక్క వాక్యం రాసింది. నాకు అర్థం కావన్నారు మీరు. అమ్మా, అది మీ ఇల్లే. మీ వంటింట్లో మీరు పొయ్యి దగ్గర మాట్లాడకుండా నిలబడటం ఆ పిల్ల చూసింది, గుర్తుపెట్టుకుంది. రెండేళ్లుగా రాస్తుంటే ఒక్క పేజీ చదవలేదంటే నాకు బాధగా ఉంది. పదో తరగతి చదువు దానికి చాలు. ఇంత స్పష్టంగా ఉత్తరం రాసిన మనిషి కూతురి పేజీ చదవలేకపోవడం ఉండదు. చదవడానికి మీరు భయపడుతున్నారు. ఆమె ఒప్పుకుంటే చదవండి. బాగుందా బాగోలేదా అని తీర్పు చెప్పక్కర్లేదు, తర్వాత ఏమైందే అని అడగండి, చాలు.

ఇప్పుడు మీ మరిదిగారి అబ్బాయి చెప్పిన యాప్ దారి. ఈమధ్య ప్రతి ఊరి నుంచీ ఇదే వింటున్నాను, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. యాప్‌లలో రాసి సంపాదించేవాళ్లు లేరని అనను. అక్కడ చదివేవాళ్లలో మధ్యాహ్నం పని ముగించుకుని కాసేపు కథలో పడే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ అక్కడ డబ్బు రావాలంటే రోజూ ఒక భాగం పెట్టాలి. ప్రతి భాగం చివర పాఠకురాలు రేపటిదాకా ఆగలేని మలుపు ఉండాలి. కోటీశ్వరుడైన మొగుడు, ఒప్పంద పెళ్లి, తప్పిపోయిన వారసురాలు, ఇలా ఏది నడిస్తే అదే మళ్లీ మళ్లీ రాయాలి. ఒకరోజు మానేస్తే ర్యాంకు పడిపోతుందన్న భయం. జ్వరమొచ్చినా రాయాలి, పరీక్షలున్నా రాయాలి.

అంతకంటే నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. నవల రాసేవాళ్లు ఇరవయ్యో అధ్యాయం రాశాక వెనక్కెళ్లి మూడోది మార్చాలి. ఒక మనిషిని తీసేయాలి, మొదలునే పారేయాల్సి రావచ్చు. నవల తయారయ్యేది అలా దిద్దడంలోనే. నిన్నటి భాగం అప్పుడే వేలమంది చదివేస్తే దిద్దే వీలెక్కడిది? ఇరవై ఏళ్ల వయసులో ఆ వేగానికి అలవాటుపడిన చెయ్యి మళ్లీ నిదానించడం కష్టం. మీ అమ్మాయి తన పెద్దాయన మాటను కొట్టేసింది కూడా ఆ కామెంట్ల ఒత్తిడి వల్లే అనుకుంటాను.

హక్కుల గొడవ ఒకటుంది. ఒప్పందంలో ప్రత్యేక హక్కులు తమవే అన్న షరతు ఉంటే, అదే కథను పుస్తకంగా వేసుకోవడానికి వాళ్లను అడగాలి. పైగా నవలల పోటీలు చాలావాటికి ఎక్కడా, ఆన్‌లైన్‌లో కూడా, ప్రచురితం కాని రచనే పంపాలన్న నిబంధన ఉంటుంది. తెలుగు నవలకు ఉన్న గట్టి గుర్తింపుల్లో పోటీలు ఒకటి. ఇప్పటికే పెట్టిన అధ్యాయాలు తీసేసినా కొందరు ఒప్పుకోరు. అందుకే ఇక కొత్త అధ్యాయాలు పెట్టొద్దనే చెబుతాను. నెలకు లక్షలన్న ఆ అబ్బాయిని, అలా సంపాదించిన ఒక్కరి బ్యాంకు స్టేట్‌మెంటు చూపించమనండి.

పుస్తకం వేసినా డబ్బు సంగతి నిజాయితీగా తెలుసుకోవాలి. 200 రూపాయల పుస్తకం మీద పది శాతం రాయల్టీ అనుకుంటే కాపీకి 20 రూపాయలు. 500 కాపీలు అమ్ముడుపోతే 10,000. మీ బ్యారన్‌కు కట్టెల ఖర్చు కూడా రాదు. తెలుగులో మొదటి పుస్తకం చాలామంది సొంత డబ్బుతోనే వేసుకుంటారు. కాబట్టి నవల మీద బతకాలన్న ఆలోచన ఆమె పెట్టుకోకూడదు, ఎంత సంపాదించావని మీరూ అడగకూడదు. మన పేరున్న రచయితల్లో రావిశాస్త్రి విశాఖలో లాయరు. బుచ్చిబాబు ఆకాశవాణి ఉద్యోగి. కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ నవలలు రాశారు. తెలుగులో మంచి నవల చాలావరకు ఇలా ఇంకో పని చేసుకునేవాళ్ల చేతుల్లోంచే వచ్చింది.

ఆ లెక్కన మీరడిగిన పోలిక పెద్దదేమీ కాదు. ప్రవేశ పరీక్షల వివరాలు కాలేజీలోనే చెబుతారు, వాటి జోలికి వెళ్లను. ఎంఏ తెలుగు మంచి చదువు, కానీ అది నవలాకారులను తయారుచేసే కోర్సు కాదు. ప్రాచీన సాహిత్యం, వ్యాకరణం, భాషాశాస్త్రం, విమర్శ ఉంటాయి. పంతులమ్మ అవ్వాలన్నా, పరిశోధన చేయాలన్నా అది సరైన దారి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే పరిశోధన మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఇస్తారు. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం కూడా మైసూరు నుంచి నెల్లూరుకు వచ్చింది. కానీ బీఈడీ చేసి టీచర్ల భర్తీ పరీక్ష డీఎస్సీ కోసం కూర్చుంటే ఎన్నాళ్లో చెప్పలేం. మన రాష్ట్రంలో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ భర్తీ జరిగింది 2025లోనే, 16,347 పోస్టులతో. ఆ మధ్యలో వయసు, ఓపిక రెండూ కరిగిపోయిన పిల్లలు నా దగ్గరికి వచ్చారు.

మీ అమ్మాయికి కోడింగ్ అంటే విసుగు లేదంటున్నారు కాబట్టి నా మాట ఎంసీఏకే. రెండేళ్ల కోర్సు. ఇంటి నుంచి బస్సులో కాకుండా కాలేజీ దగ్గర హాస్టల్లో ఉంచండి, ప్రయాణంలో పోయే గంటలు రాతకు మిగులుతాయి. కానీ ఎంఏ అనేది మీ మీద కోపంతో అన్న మాటా, నిజంగా పాఠం చెప్పాలన్న కోరికా, కనుక్కోండి. కోరికే అయితే ఎంఏ చేయించండి, నేను అడ్డుచెప్పను. ఏ దారైనా రోజుకు రెండు గంటలు ఆమెవిగా ఉంటే నవల సాగుతుంది.

తొందరేమీ లేదమ్మా. కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి ఇస్తున్న యువ పురస్కారానికి వయసు 35 దాకా ఉంది. దేశంలో పెద్ద సాహిత్య సంస్థే ముప్పై ఐదేళ్లవాళ్లను యువ రచయితలంటోంది. మీ అమ్మాయికి ఇరవయ్యే. ఈ నవల పూర్తికావచ్చు, పూర్తికాకనూపోవచ్చు. పూర్తయ్యాక అచ్చుకు పనికిరాదని తనకే తెలియవచ్చు. అప్పుడు కూడా ఆ పిల్లకు ఏమీ కాదు. చేతిలో డిగ్రీ ఉంటుంది, రాయడం వచ్చి ఉంటుంది, రెండో నవల మొదలుపెడుతుంది. మీరు భయపడే ఓటమి అంతకంటే పెద్దగా ఉండదు. బంధువుల ముందు ఆ రాతల గురించి వెక్కిరింపుగా మాట్లాడకుండా ఉంటే అది ఇంకా తేలికవుతుంది.

సంబంధాల విషయం చివరికి ఉంచాను. చెప్పండి. మొదటి మాటల్లోనే, చదువు, కట్నం, భూమి గురించి మాట్లాడేటప్పుడే, మా అమ్మాయి నవల రాస్తుంది, పెళ్లయ్యాక కూడా రాస్తుంది అని చెప్పండి. అందుకు మొహం చిట్లించిన ఇంటికి ఆ పిల్లను పంపకండి. అసలు ఆ సంబంధాలు చూడటానికి ఆమె ఒప్పుకుందో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు అది అడగండి.